ప్రకటనలను ప్రశ్నించడం, తోటివారి ఒత్తిడిని తట్టుకోవడం: సింగరేణి ప్రాంతంలో కౌమార విద్య

ఒక వస్తువును, సేవను లేదా అలవాటును అమ్మడానికి తయారుచేసిన సందేశాన్ని గుర్తుపట్టి, అందులో చెప్పినదేమిటో దాచినదేమిటో విడదీసి చూడడం ఒక నేర్పు. స్నేహితులంతా ఒకవైపు నడుస్తున్నప్పుడు తనకు ఇష్టం లేకపోతే ఆగిపోగలగడం మరో నేర్పు. పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ల పిల్లలకు ఈ రెండింటినీ అలవరిచే బోధన జీవన నైపుణ్యాల విద్యలో భాగం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990ల తొలినాళ్లలో బడుల కోసం రూపొందించిన పది నైపుణ్యాల జాబితాలో విమర్శనాత్మక ఆలోచన, నిర్ణయం తీసుకోవడం, మానసిక ఒత్తిడిని తట్టుకోవడం ఉన్నాయి. ఆ జాబితా మన దేశంలో ఉపాధ్యాయ శిక్షణ పుస్తకాల దాకా వచ్చింది. తరగతి గదిలోకి మాత్రం అంత తేలిగ్గా రాలేదు.

ఆ బోధన పెద్దపల్లి జిల్లాలోని రామగుండం, గోదావరిఖని బొగ్గు ప్రాంతంలో ఎలా ఉండాలన్నది ఈ వ్యాసం విషయం. ఇక్కడి ఇళ్లలో నెల తిరిగేసరికి జీతం, ఏడాది తిరిగేసరికి లాభాల్లో వాటా. పక్కపక్కనే క్వార్టర్లు, ఒకే బొగ్గు బాయిలో దిగే తండ్రులు, ఒకే బడిలో చదివే పిల్లలు. సరుకు అమ్మేవాడికి ఇంత అనువైన చోటు, దోస్తుల మాటకు ఇంత బలమున్న చోటు తెలంగాణలో తక్కువ.

బొగ్గు ప్రాంతం, చేతిలోకొచ్చే డబ్బు

భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడు. తవ్వకాల కోసం 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీయే 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. ఇప్పుడు అందులో 51 శాతం వాటా రాష్ట్ర ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. గోదావరి ఒడ్డున గనులు 1960లలో విస్తరించాయి, వాటి వెంటే గోదావరిఖని పట్టణం పెరిగింది. తరువాత ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం, ఎరువుల కర్మాగారం వచ్చాయి. ఎరువుల కర్మాగారం 1999లో మూతపడి 2021లో కొత్త పేరుతో మళ్లీ నడక మొదలుపెట్టింది. 2011 జనాభా లెక్కల్లో రామగుండం పట్టణ జనాభా 2,29,644.

1990ల తొలినాళ్లలో సింగరేణిలో లక్షకు పైగా ఉన్న పర్మినెంట్ కార్మికుల సంఖ్య ఇప్పుడు 40 వేల చుట్టుపక్కలకు దిగింది. బొగ్గు మాత్రం తగ్గలేదు. ఓపెన్‌కాస్టు యంత్రాలు, కాంట్రాక్టు కూలీలు ఆ ఖాళీని నింపారు. ఈ మార్పు పిల్లల బెంచీల మీద ఎలా కనిపిస్తుందో చెప్పడానికి ఒక్క లెక్క చాలు. 2023–24 సంవత్సరానికి కార్మికులకు పంచే లాభాల వాటాను 2024 సెప్టెంబరులో ప్రకటించారు. 33 శాతం చొప్పున మొత్తం 796 కోట్లు. ఒక్కో పర్మినెంట్ కార్మికుడికి సగటున 1.90 లక్షల రూపాయలు వచ్చాయి. కాంట్రాక్టు కార్మికులకు కూడా ఇవ్వడం అదే మొదటిసారి. వాళ్లకు తలా 5,000.

ఈ ఇద్దరి పిల్లలూ తొమ్మిదో తరగతిలో ఒకే బెంచీ మీద కూర్చుంటారు. దసరా సెలవుల తరువాత ఒకడు కొత్త ఫోనుతో వస్తాడు, రెండోవాడు అదే పాత బూట్లతో వస్తాడు. తోటివారి ఒత్తిడి అనగానే పాఠ్యపుస్తకాలు సిగరెట్టు బొమ్మ వేస్తాయి. ఇక్కడ అసలు ఒత్తిడి చాలాసార్లు ఇదే: ఎవరూ ఏమీ అనకపోయినా తక్కువైపోయామన్న బాధ. ఆ బాధను పోగొట్టడానికి ఇంట్లో పోరుపెట్టి ఫోను కొనిపించడం, దానికోసం తండ్రి రోజువారీ వసూళ్ల గిరిగిరి అప్పు తీసుకోవడం, ఆ తరువాత నెలల తరబడి ఇంట్లో గొడవలు. ఈ గొలుసులో ప్రకటన ఎక్కడ ముగిసి స్నేహితుల ఒత్తిడి ఎక్కడ మొదలవుతుందో విడదీయలేం. అందుకే ఈ రెండింటినీ వేర్వేరు పాఠాలుగా చెప్పడం పొరపాటు.

లాభాల వాటా పడే వారాల్లో గోదావరిఖని లక్ష్మీనగర్, కల్యాణ్‌నగర్ వైపు ఫ్లెక్సీలు దట్టంగా లేస్తాయి. బైకులు, కార్లు, బంగారం, ఫ్లాట్లు, టీవీలు. దినపత్రిక మడతలో నుంచి రంగురంగుల కరపత్రాలు జారిపడతాయి. ఇవన్నీ తండ్రి సంతకం కోసమే అయినా, చాలావాటిలో ఉండేది కుర్రాడి బొమ్మ. బైకు ప్రకటన కొడుకును ఒప్పిస్తుంది, కొడుకు తండ్రిని ఒప్పిస్తాడు.

పిల్లల వైపు గురిపెట్టిన ప్రకటనలు

తెలుగు రాష్ట్రాల కౌమారానికి ప్రత్యేకమైన ప్రకటన ఒకటుంది. ఫలితాల కాలంలో టీవీలో ఊపిరి తిప్పుకోకుండా ర్యాంకులు చదివే ప్రకటన అది. పేపర్ మొదటి పేజీ నిండా తపాలా బిళ్లలంత ఫోటోలు. కార్పొరేట్ జూనియర్ కాలేజీల తరఫున పీఆర్వోలు పదో తరగతి పిల్లల ఇళ్లకు తిరుగుతారు. వాటిలో కనిపించే అంకె ర్యాంకు. కనిపించని అంకె, ఆ కాలేజీలో చేరిన పిల్లల మొత్తం సంఖ్య. పదిమందికి మంచి ర్యాంకులు వచ్చాయంటే వందలో పదా, పదివేలలో పదా అన్నది అడగకుండా ఆ ప్రకటనకు అర్థమే లేదు. కోచింగ్ ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ విచారణ జరిపినప్పుడు మరో సంగతి బయటపడింది. సివిల్స్ విజేతల్లో ఒకే అభ్యర్థిని పలు సంస్థలు తమవాడేనని చెప్పుకున్నాయి. కొందరు ఆ సంస్థల్లో తీసుకున్నది ఇంటర్వ్యూకు ముందు ఉచితంగా ఇచ్చే మాక్ ఇంటర్వ్యూ శిక్షణ మాత్రమే. అందుకే 2024 నవంబరులో మార్గదర్శకాలు జారీ అయ్యాయి. విజేత ఏ కోర్సు చేశాడో, ఎంతకాలం చేశాడో, ఫీజు కట్టాడో లేదో చెప్పాలి. అతని అనుమతి లేకుండా పేరు, ఫోటో వాడకూడదు.

ప్రకటనల మీద పాఠానికి ర్యాంకుల ప్రకటనకు మించిన పాఠ్యాంశం మన పిల్లలకు దొరకదు. బడి ఆ పని చేయదు. చాలా బళ్ల గోడలమీద కూడా అదే ప్రకటన ఉంటుంది మరి.

తిండి పదార్థాల సంగతి కొంత మెరుగు. ఇక్కడ మన రాష్ట్రంలోని సంస్థే దారి చూపించింది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలలో ప్యాకెట్ల మీది మాటలను గుడ్డిగా నమ్మవద్దని హెచ్చరించింది. నిజమైన పండు అని రాసిన పానీయంలో పండు పదో వంతే ఉండవచ్చు. చక్కెర లేదు అన్నదానిలో కొవ్వు నిండుగా ఉండవచ్చు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ బోర్న్‌విటా వంటి పాలలో కలిపే పొడులను ఆరోగ్య పానీయాల విభాగంలో చూపవద్దని ఆన్‌లైన్ దుకాణాలకు చెప్పింది. దశాబ్దాలుగా పరీక్షల ముందు తల్లులు కలిపి ఇచ్చిన గ్లాసు అది.

చర్మం రంగు మీద నడిచిన వ్యాపారం ఇంకా పాతది. ఫెయిర్ అండ్ లవ్లీ పేరు 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. పేరు మారినంత మాత్రాన పెళ్లిచూపుల్లో అడిగే ప్రశ్న మారలేదు. బొగ్గు మీద బతికే ఊళ్లో కూడా నలుపంటే చిన్నచూపు ఉండడం ప్రకటనల ఒక్కదాని తప్పు కాదు. ఉన్న చిన్నచూపును ట్యూబులో నింపి అమ్మడం మాత్రం వాటి పనే.

మద్యం, పొగాకు ప్రకటనలకు నేరుగా దారి లేదు. కేబుల్ టీవీలో మద్యం ప్రకటనలను 2000లో, పొగాకు ప్రకటనలను 2003 నాటి చట్టంతో నిషేధించారు. అప్పటినుంచి సోడా, మంచినీళ్లు, మ్యూజిక్ సీడీలు, యాలకులు అదే పేరుతో, అదే అక్షరాలతో, అదే హీరోతో తెరమీదికి వచ్చాయి. యాలకుల పొట్లానికి అన్ని కోట్లు పోసి ప్రకటన ఎందుకు తీస్తారన్న ప్రశ్న ఎనిమిదో తరగతి పిల్లలకు వేస్తే జవాబు వాళ్లే చెబుతారు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది చివరగా వచ్చింది: రీల్స్‌లో నడిచే బెట్టింగ్ ప్రచారం. రీల్స్ చేసేవాడు హీరో కాదు, పక్కింటి అన్నలా ఉంటాడు. మన యాసలోనే మాట్లాడతాడు. పదివేలు పెట్టి లక్ష తీసిన స్క్రీన్‌షాట్ చూపిస్తాడు. అతను చెప్పింది ప్రకటనలా వినిపించదు, దోస్తు చెప్పిన మాటలా వినిపిస్తుంది. ఆన్‌లైన్ రమ్మీతో సహా డబ్బు పెట్టి ఆడే ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. అయినా బెట్టింగ్ యాప్‌ల ప్రచారం ఆగలేదు. 2025 మార్చిలో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు సినీ నటుల మీద, యూట్యూబర్ల మీద, ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద కేసులు పెట్టాక ఆ ప్రచారం వెనుక డబ్బు ఉందన్న సంగతి ఇంటింటికీ తెలిసింది. అప్పట్లో ఆర్టీసీ ఎండీగా ఉన్న వి.సి. సజ్జనార్ దీనిమీద సోషల్ మీడియాలో విడవకుండా ప్రచారం చేశారు. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనూ వాటి ప్రకటనలనూ దేశమంతటా నిషేధించింది. ప్రకటన చేసినవారికి రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా పడవచ్చు.

గొలుసుకట్టు వ్యాపారం ఈ రెండు ఒత్తిళ్లూ కలిసిపోయిన మరో రూపం. ఇందులో స్నేహితుడే ప్రకటన. 2019లో సైబరాబాద్ పోలీసులు బయటపెట్టిన ఈబిజ్ కేసులో చేరినవాళ్లలో కాలేజీ విద్యార్థులు పెద్దసంఖ్యలో ఉన్నారు. మనిషిని చేర్పిస్తే కమిషన్ అనే పథకాలు 1978 నాటి చట్టం ప్రకారమే నేరం. ఆ మాట హాస్టల్ గదిలో దోస్తు చెప్పడు.

తోటివారి ఒత్తిడి: పరిశోధనలు, స్థానిక రూపం

సోలమన్ యాష్ 1951లో చేసిన ప్రయోగం ప్రసిద్ధం. గీతల పొడవులు పోల్చే చిన్న పరీక్షలో గదిలోని మిగతావాళ్లంతా ముందే అనుకుని తప్పు చెప్పారు. సంగతి తెలియని ఒక్కడు, కళ్లెదుట సరైన జవాబు కనిపిస్తున్నా, మూడింట ఒక వంతు సార్లు వాళ్లతో గొంతు కలిపాడు. ఈ ప్రయోగం గురించి అందరూ చెప్పేది ఇంతవరకే. ఉపాధ్యాయుడికి పనికొచ్చేది తరువాతి భాగం. గుంపులో ఇంకొక్కడు సరైన జవాబు చెబితే చాలు, లొంగిపోవడం బాగా తగ్గింది. వద్దనే పిల్లవాడికి కావలసింది గుండె ధైర్యం కంటే ముందు ఒక తోడు.

2005లో అమెరికాలో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ చేసిన పరిశోధన ఇంకో సంగతి చెప్పింది. కంప్యూటర్‌లో కారు నడిపే ఆటలో పెద్దవాళ్లు ఒంటరిగా ఉన్నా స్నేహితులతో ఉన్నా ఒకేలా ఆడారు. టీనేజర్లు స్నేహితులు చూస్తుంటే చాలా ఎక్కువ సాహసాలకు దిగారు. ప్రమాదం తెలియక కాదు, చూసేవాళ్లు ఉన్నందుకు. గుట్కా తింటే క్యాన్సర్ వస్తుందని పదిసార్లు చెప్పినా ఫలితం ఎందుకు రాదో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఆ సంగతి వాళ్లకు ముందే తెలుసు.

దేశంలో 2019లో జరిగిన నాలుగో ప్రపంచ యువత పొగాకు సర్వేలో 13 నుంచి 15 ఏళ్ల విద్యార్థుల్లో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని తేలింది. పొగలేని పొగాకు వాడినవారిలో సగానికి పైగా పదేళ్లు నిండకముందే మొదలుపెట్టారు. పదేళ్ల పిల్లవాడికి దోస్తు కంటే ఇల్లు దగ్గర. బొగ్గు ప్రాంతంలో ఈ మాటకు ప్రత్యేక అర్థముంది. భూగర్భ గనిలోకి బీడీ, అగ్గిపెట్టె తీసుకెళ్లడం నేరం. మీథేన్ ఉంటుంది కాబట్టి గని ముఖం దగ్గర సోదా చేస్తారు. ఎనిమిది గంటల షిఫ్టులో పొగ తాగే వీల్లేక నమలడం అలవాటైన కార్మికులు ఎందరో. ఆ పొట్లం ఇంటికొచ్చి చొక్కా జేబులో గోడకు వేలాడుతుంది. తంబాకు తెచ్చిపెట్టమని కిరాణా కొట్టుకు పంపేది కూడా కొడుకునే. చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు పొగాకు అమ్మకూడదు. ఈ ముచ్చట చెబితే కొట్టువాడూ నవ్వుతాడు, తండ్రీ నవ్వుతాడు.

ఇంకో సంగతి కూడా ఉంది, దాన్ని బయటినుంచి వచ్చే శిక్షకులు తరచూ మరిచిపోతారు. ఈ ప్రాంతంలో గుంపుతో నడవడం బలహీనత కాదు, గౌరవం. సమ్మెలు, సంఘాలు, జెండా గద్దెల మధ్య పెరిగిన ఊరు ఇది. ప్రత్యేక తెలంగాణ కోసం 2011లో జరిగిన సకల జనుల సమ్మెలో బొగ్గు కార్మికులు గనులు ఆపి కూర్చున్న ఇళ్ల పిల్లలకు నలుగురితో ఉండాలన్నది మొదటి పాఠం. ఒంటరిగా పక్కకు తప్పుకున్నవాణ్ని ఇక్కడ మంచి పేరుతో పిలవరు. అటువంటి పిల్లల ముందుకొచ్చి గుంపును ఎదిరించు, నీ దారి నువ్వు చూసుకో అని ఉపన్యాసం ఇస్తే అది వాళ్ల చెవికి ద్రోహంలా వినిపిస్తుంది. చెప్పవలసింది వేరు. స్నేహం తెంచుకోకుండా పని తిరస్కరించడం ఎలా, గుంపులోనే ఉండి గుంపు దారి మళ్లించడం ఎలా అన్నది నేర్పాలి. సమ్మె చేసిన తండ్రికి ఆ విద్య బాగా తెలుసు. గేట్ మీటింగులో పదిమంది చేతులెత్తకముందు ఎవరో ఒకరు మొదటి చేయి ఎత్తవలసిందే కదా.

బోధన: ఏది పనిచేసింది, ఏది చేయలేదు

తెలుగు నేలమీద దీనికి గొప్ప ఉదాహరణ ఉంది, అది పిల్లలది కాదు. నెల్లూరు జిల్లాలో 1990ల తొలినాళ్లలో నడిచిన సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమంలో వయోజనులకు ఇచ్చిన వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉంది. తాగుడు వల్ల కూలిన కాపురాన్ని చెప్పే ఆ పాఠం చదివిన ఆడవాళ్లు, అది తమ ఇంటి కథేనని గుర్తుపట్టి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. దూబగుంటలో రోశమ్మ వంటివారి చొరవతో సారా దుకాణం మూతపడింది. ఆ వార్త తరువాతి వాచకంలో పాఠమైంది. పాఠం మళ్లీ ఉద్యమమైంది. 1993 అక్టోబరు 1 నుంచి అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం అమల్లోకి వచ్చింది. చదువు ఇక్కడ సమాచారం ఇవ్వడంతో ఆగలేదు. తమ బతుకును బొమ్మకట్టి చూపించింది, చర్చకు పెట్టింది, నలుగురిని ఒకచోట కూర్చోబెట్టింది. కౌమార విద్య మీద తరువాత వచ్చిన పరిశోధనల సారం కూడా దాదాపు ఇంతే.

అమెరికాలో విలియం మెక్‌గ్వైర్ 1960లలో ప్రతిపాదించిన భావన ప్రకారం, ఎదురయ్యే వాదనను ముందే బలహీనమైన రూపంలో చూపించి జవాబు తయారుచేయిస్తే, అసలు వాదన వచ్చినప్పుడు మనిషి తట్టుకుంటాడు. హ్యూస్టన్‌లో రిచర్డ్ ఎవాన్స్ 1970ల మధ్యలో దాన్ని బడిపిల్లల సిగరెట్టు అలవాటుకు వర్తింపజేశాడు. గిల్బర్ట్ బాట్విన్ దాన్ని జీవన నైపుణ్యాల శిక్షణగా పెంచాడు. మరోవైపు, 1983లో లాస్ ఏంజెలిస్‌లో పుట్టి దేశమంతా పాకిన డేర్ కార్యక్రమంలో యూనిఫాం వేసుకున్న పోలీసులు వచ్చి మత్తుమందుల గురించి చెప్పేవారు. దాని తొలి రూపం పిల్లల మత్తు అలవాట్ల మీద చెప్పుకోదగ్గ ప్రభావం చూపలేదని పదేపదే తేలింది. మన బళ్లలో ఏటా జూన్ 26న జరిగే మత్తు వ్యతిరేక సభలు చాలావరకు ఆ పాత డేర్‌కు చుట్టాలే. ప్రతిజ్ఞ, ర్యాలీ, ఫోటో.

భారతదేశంలో మంచి ఆధారం ఉన్న ప్రయత్నం మైత్రి పేరుతో జరిగింది. ఢిల్లీ, చెన్నైలలో 32 బడుల్లో ఆరు నుంచి తొమ్మిదో తరగతుల పిల్లలతో 2004 నుంచి రెండేళ్లు నడిచింది. తరగతి కార్యక్రమాలను ఎక్కువగా నడిపింది తోటి విద్యార్థి నాయకులే. కార్యక్రమం లేని బడుల్లో పొగాకు వాడకం 68 శాతం పెరగగా, ఉన్న బడుల్లో 17 శాతం తగ్గింది. మరో దారి టెక్సస్‌లో జరిగి 2019లో ప్రచురితమైన పరిశోధనలో కనిపించింది. జంక్ ఫుడ్ ఆరోగ్యానికి చెడ్డదని చెప్పడానికి బదులు, ఆ కంపెనీలు పిల్లలను ఎలా బుట్టలో వేసుకుంటున్నాయో చూపించి, ప్రకటనల మీద వాళ్లచేతే వ్యంగ్య రాతలు రాయించారు. క్యాంటీన్‌లో మగపిల్లల ఎంపికలు నెలల పాటు మెరుగ్గా ఉన్నాయి. టీనేజర్‌కు ఆరోగ్యం దూరపు సంగతి. ఎవడో పెద్దవాడు తనను మోసం చేస్తున్నాడన్న కోపం మాత్రం వెంటనే పుడుతుంది.

తరగతిలో పాఠం

భూగర్భ గనిలో పని మొదలుపెట్టే ముందు పైకప్పును కడ్డీతో తట్టి చూస్తారు. గట్టి రాయి ఖంగుమంటుంది, విడిపోయిన పొర డొల్ల చప్పుడు చేస్తుంది. ప్రకటనను తట్టి చూడడం అంటే ఇక్కడి పిల్లలకు వేరే వివరణ అక్కర్లేదు.

పిల్లలు ఇంటినుంచి తెచ్చిన కరపత్రంతో మొదలుపెట్టవచ్చు. రోజుకు 99 రూపాయలే, బైకు మీ సొంతం అని ఉందనుకుందాం. మూలన చుక్క గుర్తు, దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో 36 నెలలు, డౌన్ పేమెంటు 20,000. బోర్డు మీద లెక్క వేయించాలి. రోజుకు 99 అంటే నెలకు 2,970, మూడేళ్లకు 1,06,920. డౌన్ పేమెంటు కలిపితే 1,26,920. షోరూం ధర 95,000 అయితే అదనంగా కట్టింది 31,920. తరువాత ప్రశ్న: ప్రకటనలో రోజు లెక్క ఎందుకు చెప్పారు, మొత్తం ఎందుకు చెప్పలేదు? ఆ తరువాతది ఇంకా ముఖ్యం: ఈ బైకు ఎవరు నడపాలి? పద్దెనిమిదేళ్లు నిండనివాడు గేర్ల బైకు నడిపితే తల్లిదండ్రులకు 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు అని 2019 మోటారు వాహనాల సవరణ చట్టం చెబుతోంది. బొమ్మలో ఉన్న కుర్రాడికి మీసం కూడా సరిగా రాలేదు.

వద్దనడం నేర్పే పాఠానికి పుస్తకం కంటే నాటిక నయం. ఇద్దరు పిల్లలు తరగతి ముందు నిలబడతారు.

"రారా, ఒక్క గుట్కా. ఏమైతదిరా?"

"నాకొద్దురా."

"ఏంది నకరాలు? మీ బాపు తింటలేడా?"

ఇక్కడ చాలామంది పిల్లలు ఆగిపోతారు. తండ్రిని తప్పు పట్టలేరు, గుట్కా తీసుకోలేరు. ఆ మౌనం దగ్గరే పాఠం ఉంది. తరగతిని అడిగితే జవాబులు వస్తాయి. "మా బాపే మానుదామని చూస్తుండు, నాకెందుకురా. పా, కబడ్డీకి పోదాం" అన్నది వాటిలో బాగా నిలిచే రకం. తండ్రి పరువు పోలేదు, దోస్తు చేయి వదల్లేదు, మాట మారింది. ఉపాధ్యాయుడు చెప్పిన జవాబు నాటికలోనే ఉండిపోతుంది. పిల్లలు తమ యాసలో వెతుక్కున్నది బజార్లో కూడా నోటికొస్తుంది. ఇద్దరు ముగ్గురు పిల్లలు ముందే మాట్లాడుకుని, ఎవరు వద్దన్నా మిగతావాళ్లు వెనక నిలబడాలని ఒప్పందం చేసుకుంటే యాష్ ప్రయోగంలోని తోడు దొరికినట్టే.

ఈ బోధనకు హద్దులున్నాయి. ప్రకటన గుట్టు తెలిసినంత మాత్రాన కోరిక పోదని నెదర్లాండ్స్‌లో పిల్లలమీద పనిచేసిన పరిశోధకులు హెచ్చరించారు. పాట, హీరో, రంగులు మనసును తాకే క్షణంలో నేర్చుకున్నది గుర్తుకురాదు. కాబట్టి ఒక్క పీరియడ్ పాఠంతో పని కాదు, చిన్నచిన్నగా మళ్లీ మళ్లీ జరగాలి. ప్రకటనలన్నీ అబద్ధాలని నేర్పడం కూడా సరికాదు. ప్రభుత్వం ఇచ్చే టీకా ప్రకటన కూడా ప్రకటనే. బైకు కావాలనుకోవడం తప్పు కాదు, దాని అసలు ధర తెలియకుండా కావాలనుకోవడమే తప్పు.

చట్టం ఇచ్చిన ఆయుధాలు

వినియోగదారుల రక్షణ చట్టం 2019లో వచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. 2022 జూన్ మార్గదర్శకాలు పిల్లల అనుభవరాహిత్యాన్ని వాడుకునే ప్రకటనలను, నిషిద్ధ వస్తువులకు మారుపేరు ప్రకటనలను కట్టడి చేశాయి. డబ్బు తీసుకుని వీడియో చేసే ఇన్‌ఫ్లుయెన్సర్ ఆ సంగతి స్పష్టంగా చెప్పాలి. విద్యాసంస్థకు వంద గజాల లోపల పొగాకు అమ్మకం నేరం. ఈ దూరం కొలవడానికి టేపు, నలుగురు పిల్లలు, ఒక సాయంత్రం చాలు. గుట్కా తయారీ, అమ్మకాల మీద రాష్ట్రంలో నిషేధం ఉంది. మత్తుపదార్థాల సమాచారానికి 1908, వినియోగదారుల ఫిర్యాదులకు 1915 నంబర్లున్నాయి. 1915 నంబరుకు ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

సింగరేణి ఎడ్యుకేషనల్ సొసైటీ బడులకు, ప్రభుత్వ బడులకు దీనికోసం కొత్త పాఠ్యపుస్తకం అవసరం లేదు. గణితంలో వడ్డీ లెక్క ఉంది, సాంఘికంలో వినియోగదారుల హక్కులు ఉన్నాయి, తెలుగులో నాటిక ఉంది. కావలసింది సమయం చూసుకోవడం. బడుల్లోని మత్తు వ్యతిరేక ప్రహరీ క్లబ్బుల సభలు జూన్‌లో, వినియోగదారుల దినోత్సవం డిసెంబరు 24న జరుగుతాయి. బొగ్గు ప్రాంతంలో ఆ రెండు తేదీల్లోనూ జేబులో అంత డబ్బుండదు. లాభాల వాటా ప్రకటన కొన్నేళ్లుగా దసరాకు ముందే వస్తోంది, బడి సెలవులు ఆ వెంటనే మొదలవుతాయి. కరపత్రం లెక్క, గుట్కా నాటిక, ర్యాంకుల ప్రకటన ఈ మూడూ సెలవులకు ముందు వారంలోనే చెప్పాలి. వీలైతే అదే వారం ఒక సాయంత్రం, మొదటి షిఫ్టు దిగి వచ్చిన తండ్రులనూ బడికి పిలవాలి.